ప్రళయం బాబాయి కుడికాలు

ప్రళయం బాబాయికి ఉన్న దురలవాటు ఒక్కటే: ఆయన కాలు తగులుతుంది. సిగరెట్టు లేదు, పేకాట లేదు, ఆఫీసు ప్రింటర్లో సొంత కాగితాలు తీసుకునే పాడుబుద్ధి అంతకన్నా లేదు. కాలు మాత్రం తగులుతుంది. రెండు కాళ్ళూ కాదు, కుడికాలే. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు. ఆయన బల్ల కింద ఒక పాత కంప్యూటరు ఉంది. దానికి కరెంటిచ్చే ప్లగ్గుల బోర్డు ఒకటి ఉంది. ఆ బోర్డుకు ఒక ఎర్ర స్విచ్చుంది. లోకంలో ఇన్ని వస్తువులుండగా ఆయన కాలికి ఆ స్విచ్చొక్కటే దొరుకుతుంది. తగిలినప్పుడల్లా ఒక లోకం మునిగిపోతుంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "కాలు తగిలింది," అంటారు. బయట వాన పడుతోందని చెప్పినంత తాపీగా.

లోకం మునగడమన్నది మాటవరసకు అన్న మాట కాదు. బ్లాక్‌చైన్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పక తప్పదు. అది ఒక చిట్టా. దాని నకళ్ళు వేలమంది దగ్గర ఉంటాయి. అందులో ఒకసారి రాసింది ఇక చెరగదు. తప్పు రాస్తే ఆ తప్పు, రాసినవాడి గుర్తుతో సహా, సూర్యచంద్రులున్నంత కాలం ఉంటుంది. అంతటి గంభీరమైన చోట చెయ్యి తిరగనివాళ్ళు ప్రయోగాలు చేస్తే బాగుండదు కాబట్టి, సాధన కోసం ఆఫీసులోనే ఒక కంప్యూటర్లో బుల్లి నెట్‌వర్క్ నడుపుకుంటారు. నియమాలన్నీ అవే, డాబూ దర్పమూ అవే. తేడా ఒక్కటే. బాబాయి దాన్ని ఎలా అమర్చారంటే, స్విచ్చు ఆపితే రాసిందంతా పోతుంది. మళ్ళీ వేస్తే సున్నా నంబరు బ్లాకు అనే మొదటి పుట నుంచి, ఏ పాపమూ ఎరగనట్టు, సృష్టి కొత్తగా మొదలవుతుంది.

ఆ ఆఫీసులో ఇరవైమంది ఆ బుల్లి నెట్‌వర్క్ మీదే పడి బతుకుతున్నారు. వాళ్ళు చేసే పని మందుల పెట్టెలది. చల్లగా ఉంచితేగాని పనిచెయ్యని మందులు గిడ్డంగి నుంచి లారీకి, లారీ నుంచి ఆస్పత్రికి చేతులు మారుతుంటాయి. పెట్టె ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళింది, అప్పుడు లోపల ఎంత చల్లగా ఉంది అన్నది ఎవరూ మార్చడానికి వీల్లేని చిట్టాలో పడాలి. గొప్ప ఆశయం. ఆ ఆశయం రోజుకు రెండుసార్లు, ఒక్కోరోజు మూడుసార్లు, బాబాయి చెప్పు కింద నలిగిపోతూ ఉండేది.

కొత్తావిడ ఆ ఆఫీసులో చేరింది ఇటువంటి దశలో. తొమ్మిదేళ్ళు ఇంట్లో ఇద్దరు పిల్లల వెనక తిరిగి, చదివినదంతా అటకమీంచి దించి దుమ్ము దులిపి, మళ్ళీ ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. ఆర్నెల్లు పరీక్షాకాలం. నెగ్గితే ఉద్యోగం ఖాయం చేస్తూ ఉత్తరం వస్తుంది. లేకపోతే భర్త ఉన్నాడు. అతను చాలా మంచివాడు. ఉద్యోగం వచ్చిన రోజే, "నీకు కష్టమనిపిస్తే మానెయ్, ఎవరూ ఏమనరు," అని ఎంతో ప్రేమగా అన్నాడు. ఆ ప్రేమ ఇంకోసారి వినాల్సి వస్తుందేమోనన్న భయంతో ఆవిడ రోజూ అందరికన్నా ముందే ఆఫీసుకు వచ్చేది.

ఆవిడకు అప్పగించిన పని ఫోన్లో నడిచే ప్రోగ్రాము. లారీ డ్రైవరు అందులో పెట్టె నంబరు కొట్టి బొత్తాం నొక్కితే, అది వెళ్ళి నెట్‌వర్క్‌లో నమోదు కావాలి. మొదటిరోజు మధ్యాహ్నం దాకా అది నెట్‌వర్క్‌కి తగులుకోనే లేదు. బాబాయి కుర్చీని చక్రాలమీదే దొర్లించుకుంటూ వచ్చారు.

"చిరునామా ఇచ్చావా అమ్మాయ్?"

"ఇచ్చానండి."

"నెట్‌వర్క్ నంబరు?"

"ఇచ్చాను."

"తాళంచెవి?" ఎవరి పేరున రాస్తున్నారో తెలిపే రహస్య అంకెకు ఆయన పెట్టుకున్న పేరది.

"అదీ ఇచ్చానండి. మూడూ నాలుగేసి సార్లు చూసుకున్నాను."

ఆయన ఫోను తిప్పి చూశారు. "చిరునామా దగ్గర 'ఈ మెషీనే' అని రాశావు."

"నెట్‌వర్క్ ఈ ఆఫీసులోనే ఉంది కదండీ మరి."

"నీకు తెలుసు, నాకు తెలుసు. ఫోనుకి ఈ మెషీనంటే తనే. పాపం పొద్దుట్నుంచి సొంత జేబులు తడుముకుంటోంది. నా బల్ల కిందున్న కంప్యూటరు చిరునామా ఇయ్యి, వస్తుంది."

వచ్చింది. ఆవిడ పెట్టెలు ఒకటొకటిగా నమోదు చేసింది. పదకొండో పెట్టెను పొరపాటున ఆస్పత్రి నుంచి ఆస్పత్రికే పంపించింది. పెట్టె లోపల చలి గడిలో తన పుట్టిన సంవత్సరం కొట్టింది. నెట్‌వర్క్ నిర్మొహమాటంగా కాదంది. ఆ కాదన్న సంగతి కూడా గోడమీది పెద్ద తెరలో ఆవిడ పేరు పక్కన ఒక తప్పు కింద నమోదైంది. ఆవిడ నాలిక కరుచుకునే లోపల, టప్పుమని తెర చీకటైంది.

"కాలు తగిలింది," అన్నారు బాబాయి.

స్విచ్చు మళ్ళీ వేశాక ఇంకో విచిత్రం. ఆవిడ ఎన్నిసార్లు బొత్తాం నొక్కినా ఏ జవాబూ లేదు. కాదని కూడా అనదు. ఊరికే కూర్చుంటుంది.

"అలిగింది," అన్నారు బాబాయి. "నీ కోడ్‌కి అంతా గుర్తుంది. ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాను, ఇది పన్నెండోది అంటోంది. నెట్‌వర్క్‌కి ఏమీ గుర్తులేదు. మొదటి ఉత్తరమే రాలేదు, పన్నెండోది ఎక్కడిది అని కూర్చుంది. ఒకళ్ళకి అన్నీ గుర్తు, ఇంకొకళ్ళకి ఏదీ గుర్తులేదు. మా ఇంట్లో ముప్ఫయ్యేళ్ళుగా ఇదే."

"ఎవరికి గుర్తుంటుందండీ?"

"మీ పిన్నికి. నీ కోడ్‌ని కూడా పాతవి మర్చిపోమని చెప్పు. కాపురం సాగుతుంది."

ఈ కాలిని అదుపులో పెట్టడానికి ఆ ఆఫీసు చేసిన కృషి చరిత్రకెక్కవలసినది. మొదట స్విచ్చు పక్కన ఒక కాగితం అంటించారు: 'దయచేసి కాలు తగలనివ్వకండి.' కాలికి చదువు రాకపోవడం వల్ల అది పనిచెయ్యలేదు. తరవాత భద్రతా సంఘం కూర్చుంది. ముగ్గురు సభ్యులు టేపు పట్టుకుని బాబాయి కాలి పొడవు, బల్లకూ బోర్డుకూ మధ్య దూరం కొలిచి, మామూలుగా కూర్చున్న మనిషికి ఆ స్విచ్చు అందే అవకాశమే లేదని నాలుగు పేజీల్లో తేల్చారు. నివేదిక అందరికీ పంచుతుండగా కాలు తగిలింది. స్విచ్చు మీద చెక్కపెట్టె బోర్లించారు. చెక్కపెట్టె తప్పుకుంది. బోర్డు తీసుకెళ్ళి బల్లమీద పెట్టారు. ఆ వారమంతా మోచెయ్యి తగిలింది. చివరికి, ఉన్న దురలవాటు ముదరకుండా చూసుకుంటే చాలనుకుని బోర్డును మళ్ళీ కిందికే దించారు.

ఇక మేనేజరు సంగతి. అతను పట్టికల మనిషి. దేన్నైనా గళ్ళు గీసి అందులో పెడితేగాని అది ఉన్నట్టు ఒప్పుకోడు. ఎవరు ఎన్నిసార్లు కుర్చీలోంచి లేచారో చెప్పే పట్టిక అతని దగ్గర ఉందని చెప్పుకునేవాళ్ళు. అతని కళాఖండం మాత్రం గోడమీద పెద్ద తెరకెక్కిన తప్పుల పట్టిక. నెట్‌వర్క్ ఎవరి నమోదును ఎన్నిసార్లు కాదందో పేర్లవారీగా, ఎక్కువ తప్పులవాడు పైన, తక్కువ తప్పులవాడు కింద, ఎప్పటికప్పుడు కనబడుతూ ఉంటుంది. సాయంత్రం సరిగ్గా అయిదింటికి మేనేజరు దాన్ని ఫోటో తీసుకుంటాడు. పరీక్షాకాలంలో ఉన్నవాళ్ళ భవిష్యత్తు ఆ ఫోటోల్లో ఉంటుంది.

ఉండాలి. కానీ అయిదింటికి తెరమీద ఎప్పుడు చూసినా అందరి పేర్ల పక్కనా సున్నాలే.

"నాలుగు నెలల నుంచీ ఈ ఆఫీసులో ఎవరూ ఒక్క తప్పు చెయ్యలేదట," అన్నాడు మేనేజరు ఒకరోజు, పళ్ళు నూరుతూ. "ఇది ఆఫీసా, దేవతలు దిగిన విడిదా?"

"తమరి శిక్షణ సార్," అన్నారు బాబాయి.

"పావుతక్కువ అయిదింటికి మీ కాలు తగిలింది."

"వయసు సార్. నరాలు."

ఈ నరాల వల్ల అందరికన్నా ఎక్కువ చితికిపోయింది కొత్తావిడ. చేసిన పని నిలవదు. పొద్దున కట్టింది మధ్యాహ్నానికి లేదు. దానికి విరుగుడుగా ఆవిడ తన కోడ్‌కి మొండితనం నేర్పింది: నమోదు పడకపోతే వదిలెయ్యకు, నెట్‌వర్క్ చచ్చి మళ్ళీ పుట్టేదాకా పదిసార్లు ప్రయత్నించు. అదయ్యాక, చేరిన అయిదో నెలలో, ఒక నోటుపుస్తకం తెచ్చి మూడు గళ్ళు గీసింది. వేళ, కాలు, నష్టం. మేనేజరు గాలి ఆవిడకూ సోకినట్టుంది.

'11.20. కాలు. రెండు గంటల పని పోయింది.'

'3.10. కాలు. తొమ్మిది పెట్టెలు పోయాయి.'

'4.52. కాలు. ఇక నావల్ల కాదు.'

నెల తిరిగేసరికి పుస్తకం సగం నిండింది. ఆ రోజుల్లోనే బాబాయి ఇంట్లో మర్చిపోయిన కళ్ళజోడు పట్టుకుని పిన్ని ఆఫీసుకు వచ్చింది. ఆయన టీ తేవడానికి వెళ్ళిన సందు చూసుకుని కొత్తావిడ ఆపుకోలేక అడిగేసింది.

"పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. ఇంట్లో కూడా బాబాయిగారి కాలు ఇలాగే తగులుతుందా?"

"దేనికి తగలడం?"

"దేనికైనా. స్విచ్చులకీ, వస్తువులకీ."

పిన్ని నవ్వింది. "నేను గాజు సామాను కడిగి వంటింటి నేలంతా గుడ్డ పరిచి ఆరబెడతాను. ఈయన పేపరు చదువుకుంటూ వాటి మధ్యనుంచే నడిచి వెళ్ళి, టీ పెట్టుకుని, కప్పు పట్టుకుని మళ్ళీ అలాగే నడిచి వస్తారు. కాగితం మీంచి కళ్ళు తియ్యరు. పెళ్ళయినప్పటి నుంచీ ఒక్క గ్లాసు పగలగొట్టిన పాపాన పోలేదు. నేనే రెండు డజన్లు పగలగొట్టాను."

కొత్తావిడ ఆ మాటను కోపంగా అర్థం చేసుకుంది. అంటే ఇంట్లో జాగ్రత్త, ఆఫీసంటే నిర్లక్ష్యం అన్నమాట. ఆ సాయంత్రమే నోటుపుస్తకం చంకన పెట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళింది. పరీక్షాకాలం ఇంకో పది రోజుల్లో ముగుస్తుందని, తన పని నిలవకపోవడానికి కారణం తను కాదని, వేళలతో సహా చదివి వినిపించింది.

మేనేజరు కళ్ళు చెమర్చాయి. అది జాలి కాదు, ఆనందం. "మూడు గళ్ళు," అన్నాడు పుస్తకాన్ని నిమురుతూ. "ఈ ఆఫీసులో నాకు ఒక్కళ్ళు దొరికారు."

సోమవారం పొద్దున ఇద్దరు మనుషులు వచ్చి బాబాయి బల్ల కింద కంప్యూటరు ఎత్తుకుపోయారు. నడవ చివర సామాన్ల గదిలో దాన్ని ప్రతిష్ఠించి, తలుపుకు తాళం వేశారు. తాళంచెవి మేనేజరు నడుముకు వేలాడింది. ఎవరు ఫిర్యాదు చేశారో చాటవలసిన పని లేకుండా అతనే గట్టిగా కొత్తావిడకు కృతజ్ఞతలు చెప్పాడు.

బాబాయి ఖాళీ అయిన బల్ల కిందికి వంగి చూసుకున్నారు. "మంచి పని చేశావమ్మాయ్," అన్నారు. "కాలికి విశ్రాంతి." ఆ మాటలో వెటకారం ఉంటే కొత్తావిడకు హాయిగా ఉండేది. లేదు.

ఆ రోజు లోకం ఒక్కసారి కూడా మునగలేదు. సాయంత్రం అయిదింటికి మేనేజరు తప్పుల పట్టికకు ఫోటో తీశాడు. అన్నిటికన్నా పైన కొత్తావిడ పేరు, పక్కన అరవై.

"అరవయ్యా?" అంది ఆవిడ. "నేను మహా అయితే ఆరు తప్పులు చేసి ఉంటాను."

"పట్టిక అబద్ధం చెప్పదమ్మా," అన్నాడు మేనేజరు. పొద్దుటి కృతజ్ఞత అప్పటికే చల్లారిపోయింది.

మంగళవారం నూటపది. బుధవారం నూటయాభై. గురువారం రెండువందల పది. పక్క సీటాయన పాటలు వినడానికి చెవుల్లో తగిలించుకున్న యంత్రాలు తీసి మరీ, "అక్కా, రికార్డు," అన్నాడు. శుక్రవారం గిడ్డంగి నుంచి పెద్ద మేడమ్ వస్తోంది, పని చూసి ఒప్పుకోవడానికి. ఆవిడకు తప్పుల పట్టిక కూడా చూపించి, తప్పు చేసినవాళ్ళను ఈ సంస్థ ఎలా ఏరిపారేస్తుందో అక్కడికక్కడే నిరూపిస్తానని మేనేజరు చెప్పాడు. ఏరిపారేసేది ఎవరినో విడిగా చెప్పవలసిన పని లేదు. ప్రదర్శనకు వాడే ఫోను కూడా అప్పుడే కోటు జేబులో వేసుకున్నాడు, మళ్ళీ ఎవరూ దాన్ని ముట్టుకోకుండా.

శుక్రవారం పొద్దున ఎవరూ రాకముందే వచ్చి, కొత్తావిడ తన కోడ్‌ని పైనుంచి కిందికి చదివింది. మొండితనం దగ్గర ఆగింది. నెట్‌వర్క్ చచ్చిపోయినప్పుడు పదిసార్లు ప్రయత్నించమని ఆవిడ నేర్పింది. నెట్‌వర్క్ ఇప్పుడు చావడం లేదు. బతికుండి కాదంటోంది. ఆ తేడా తెలియని కోడ్, కాదన్న ప్రతిసారీ, చచ్చిపోయిందేమోననుకుని పది తలుపులు కొడుతోంది. ఒక తప్పు చేస్తే పది. బాబాయి కాలి కోసం కట్టిన పందిరి, కాలు పోయాక నెత్తిన కూలింది.

మరి ఇన్నాళ్ళూ ఇది ఎందుకు బయటపడలేదు? సందేహం తీర్చుకోవడానికి నోటుపుస్తకం తీసింది. 11.20, కాలు. ఆ రోజు పదకొండుంబావుకి తను ఒకే పెట్టెను ఇద్దరికి పంపించింది. గుర్తుంది. 3.10, కాలు. ఆ పూట పొరపాటున పక్క సీటాయన తాళంచెవితో నమోదులు చేసి, అతని పేరు మీద తొమ్మిది పెట్టెల తప్పులు పోగేసింది. 4.52, కాలు. అప్పుడు తను అంతకుముందే చేసిన తప్పుకు ఏడుపాపుకుంటూ బాత్‌రూములో మొహం కడుక్కుంటోంది. పుటలు తిప్పింది. తన పుస్తకంలో ఉన్న ప్రతి కాలికీ అయిదు నిమిషాల ముందు తన తప్పు ఒకటుంది. నష్టం అని గడి గీసి, ఆవిడ నెలరోజులపాటు శ్రద్ధగా, నిమిషాలతో సహా, ఇంకొకరి ఉపకారాన్ని నమోదు చేసింది. చేసి, తీసుకెళ్ళి మేనేజరుకు చదివి వినిపించింది.

గాజు గ్లాసుల మధ్యనుంచి పేపరు చదువుకుంటూ నడిచే మనిషి. ఆవిడ పుస్తకం మూసి, అప్పుడే లోపలికి వస్తున్న బాబాయి వైపు చూసింది. ఆయన, నిన్న ఎవరో నేలమీద వదిలేసిపోయిన గొడుగు, లంచ్ బ్యాగు, వదులుగా వేలాడుతున్న నడవ వైర్లు, చెత్తబుట్ట, అడ్డంగా ఉన్న మూడు కుర్చీలు అన్నీ దాటుకుని దేన్నీ తాకకుండా వచ్చి కూర్చున్నారు.

"బాబాయిగారూ," అంది. నోటుపుస్తకాన్ని సొరుగులోకి తోసేసింది.

"ఏంటమ్మాయ్, మొహం అలా పెట్టావు. దొరికిందా?"

"పదిసార్లు ప్రయత్నించమన్నది నేనేనండి."

"ఆహా. రెండు వరసలు తీసేస్తే పోతుంది."

"తీసేశాను. కానీ రెండువందల పది?"

ఆయన తన కుడికాలి వైపు చూసుకున్నారు. తరవాత నడవ చివర తాళం వేసిన గది వైపు చూశారు. "దూరమైపోయింది," అన్నారు, నిజంగా విచారంగా.

మేడమ్ నాలుగింటికి వచ్చింది. తక్కువ మాట్లాడి ఎక్కువ చూసే మనిషి. మేనేజరు ఆవిడను పెద్ద తెర ఎదురుగా కూర్చోబెట్టి, తప్పుల పట్టిక మహత్యం పావుగంట వినిపించాడు. అన్నిటికన్నా పైనున్న పేరును కొనవేలితో చూపించాడు. కొత్తావిడ నేలలో పలకలు లెక్కపెట్టుకుంటూ నిలబడింది.

"ముందు పనిచేస్తుందా లేదా చూపించండి," అంది మేడమ్.

"తప్పకుండా. నేనే చూపిస్తాను. పిల్లాడైనా చెయ్యగలడు." మేనేజరు జేబులోంచి ఫోను తీసి, అందులో తన తాళంచెవి వేశాడు. ఇన్నాళ్ళూ ఒక్కసారీ వాడని, నిష్కల్మషమైన తాళంచెవి. "ఇదిగో, ఏడో నంబరు పెట్టెను నా చేతిలోంచి మీ చేతికి ఇస్తున్నాను." నొక్కాడు.

నెట్‌వర్క్ కాదంది. గోడమీద పట్టిక అడుగున మేనేజరు పేరు మొదటిసారిగా ప్రత్యక్షమైంది. పక్కన పది.

జేబులో ఉన్న ఫోనులో పాత కోడే ఉందని కొత్తావిడకు అప్పుడు గుర్తొచ్చింది. "సార్, ఆ పెట్టె మీ చేతిలో లేదు. ముందు తీసుకుంటేగాని ఇవ్వడానికి ఒప్పుకోదు."

"నా చేతిలో లేకపోవడమేంటమ్మా? ఈ ఆఫీసంతా నా చేతిలోనే ఉంది." మళ్ళీ నొక్కాడు. ఇరవై. గట్టిగా నొక్కాడు. ముప్ఫై. వేలు మార్చి నొక్కాడు. నలభై.

పట్టిక ఎంతో నిజాయితీగా పనిచేసింది. తనను పుట్టించినవాడని కూడా చూడలేదు. మేనేజరు పేరు ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ పక్క సీటాయనను దాటింది, భద్రతా సంఘం ముగ్గురినీ దాటింది. ఆఫీసులో ఇరవైమంది పని మానేసి చూస్తున్నారు. నూట ఎనభై. రెండువందలు. రెండువందల పది. పక్క సీటాయన కొత్తావిడ చెవిలో, "అక్కా, నీ రికార్డు పోతోంది," అన్నాడు. రెండువందల ఇరవై. మేనేజరు పేరు కొత్తావిడ నెత్తినెక్కి, పట్టిక శిఖరాన కూర్చుంది. పక్కనే ఎర్రటి గుర్తు కూడా వెలిగింది. ఆ గుర్తు పెట్టించింది అతనే.

"పైనున్నవాళ్ళను ఏం చేస్తారన్నారు?" అని అడిగింది మేడమ్. ఆవిడ నిజంగానే మర్చిపోయినట్టుంది.

గడియారం అయిదుకు ఏడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మేనేజరు చెమట తుడుచుకుంటూ గది నలుమూలలా చూశాడు. చూపు తిరిగి తిరిగి ఒకచోట ఆగింది. ఒక బల్ల కింద, ఒక చెప్పులో, నిశ్శబ్దంగా విశ్రాంతి తీసుకుంటున్న కుడికాలి మీద.

"బాబాయిగారూ," అన్నాడు. ఆ గొంతులో అంత వినయం ఎవరూ ఎరగరు. "ఆ గదిలో ఏదో చప్పుడైనట్టుంది. ఒకసారి చూసి వస్తారా?"

"నాకేం వినపడలేదు సార్."

"వచ్చింది బాబాయిగారూ. నేను విన్నాను." నడుముకున్న తాళంచెవి విప్పి ఆయన చేతిలో పెట్టాడు.

బాబాయి లేచి, చొక్కా సర్దుకుని, అభిషేకానికి బయల్దేరినట్టు నడవలోంచి నడిచి వెళ్ళారు. తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఒక్క క్షణం. గోడమీద తెర టప్పుమని చీకటైంది. రెండువందల పదీ, రెండువందల ఇరవయ్యీ, అందరి పుణ్యపాపాలూ కలిసి మునిగిపోయాయి. మళ్ళీ వెలుతురు వచ్చేసరికి సున్నా నంబరు బ్లాకు, పేర్ల పక్కన తళతళలాడే సున్నాలు.

బాబాయి తిరిగొచ్చి తాళంచెవి రెండు చేతులతో అప్పగించారు. "కాలు తగిలింది సార్. మన్నించాలి."

"పర్లేదు," అన్నాడు మేనేజరు. "నరాలు."

మేడమ్ నడవ చివరకు చూసి, బాబాయి కాలు చూసి, "చాలా దూరం అందుతుందే," అంది.

కొత్తావిడ చెయ్యి చాచింది. "ఫోను ఇలా ఇవ్వండి సార్. దానికి పాతవి మర్చిపోవడం నేర్పాలి." రెండు వరసలు తీసేసిన కొత్త కోడ్ అందులో ఎక్కించి, లెక్కను మొదటికి తెచ్చి, తిరిగిచ్చింది. "ఇప్పుడు ముందు పెట్టె మీరు తీసుకోండి. ఆ తరవాత ఇవ్వండి."

మేనేజరు బుద్ధిగా తీసుకున్నాడు, బుద్ధిగా ఇచ్చాడు. ఒక్కసారికే పడింది. మేడమ్ ఆ ఫోను తీసుకుని తనే ఇంకో ఆరు పెట్టెలు అటూ ఇటూ పంపింది. ఒకటి కావాలని తప్పు పంపింది. నెట్‌వర్క్ ఒకే ఒక్కసారి కాదని ఊరుకుంది. "బాగుంది. ఇది రాసిందెవరు?" అంది. మేనేజరు జవాబు చెప్పడానికి ఒక క్షణం పట్టిన మాట నిజం. కానీ చెప్పాడు.

అయిదింటికి ఫోటో తియ్యడం ఆ రోజు అతనికి జ్ఞాపకం రాలేదు. సామాన్ల గదిలో గాలి ఆడటం లేదని, యంత్రం వేడెక్కుతోందని కారణం చూపించి, సోమవారమే కంప్యూటరును మళ్ళీ బాబాయి బల్ల కిందికి చేర్పించాడు. ఎర్ర స్విచ్చు మీద ఈసారి చెక్కపెట్టె పెట్టలేదు.

ఉద్యోగం ఖాయమైన ఉత్తరం వచ్చిన వారానికి, కొత్తావిడ కోడ్‌ని అసలు నెట్‌వర్క్‌కి తగిలించే రోజు వచ్చింది. చెరగని చిట్టా. చిరునామా, నంబరు, తాళంచెవి, మూడూ మార్చింది. మొదటి నిజమైన పెట్టె. బొత్తాం మీద వేలు పెట్టి తియ్యలేక, నొక్కలేక ఉంటే బాబాయి కుర్చీ దొర్లించుకుంటూ వచ్చారు.

"ఉండు. నొక్కే ముందు నీకొకటి చూపించాలి." ఆయన ఆ చిట్టాలోనే చాలా వెనక్కి, పన్నెండేళ్ళ వెనక్కి వెళ్ళి, ఒక నమోదు దగ్గర ఆగారు. సాధన నెట్‌వర్క్ అనుకుని ఎవరో అసలుదానిలోనే రాసేసిన పిచ్చిరాత: 'పరీక్ష, పరీక్ష. ఇది గనక పనిచేస్తే నా పేరు మార్చుకుంటాను.'

కింద ఆయన అసలు పేరుంది.

"పనిచేసింది," అన్నారు బాబాయి. "ఆ ఆఫీసు పెద్దలు ఈ ముక్కని అచ్చేసి గోడకి తగిలించారు. వారం రోజులు అందరూ చదువుకున్నారు. తరవాత నన్ను ఇంటికి పంపించారు. అది మాత్రం ఎవరూ చెరపలేకపోయారు."

"మరి పేరు మార్చుకున్నారా?"

"నువ్వు నన్నేమని పిలుస్తున్నావు?"

కొత్తావిడ నవ్వు ఆపుకుంటూ, "అయితే కాలు ఎందుకు తగులుతుందో ఇప్పుడైనా చెప్పండి," అంది.

"చెప్పాను కదమ్మాయ్. నరాలు." ఆయన చెప్పులు విడిచి రెండు కాళ్ళూ కుర్చీమీదికి లాక్కుని బాసింపట్టు వేసుకున్నారు. "ఇక్కడ నా కాలు దేనికీ పనికిరాదు. జాగ్రత్తగా చూసుకుని నొక్కు."

ఆవిడ పెట్టె నంబరు మూడుసార్లు చూసుకుని నొక్కింది. పడింది. సూర్యచంద్రులున్నంత కాలం ఉండేలా, తప్పు లేకుండా.

ఆ సమయంలోనే పక్క సీటాయన, చెవుల్లో యంత్రాలతో సహా, రెండు చేతులతో తల పట్టుకుని, "అయిపోయాను," అని గొణుక్కోవడం వినిపించింది. గోడమీద అతని పేరు సర్రున పైకి ఎగబాకుతోంది. మేనేజరు గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. బాబాయి మెల్లగా కుడికాలు కిందికి దించి, కళ్ళు తెరమీంచి తియ్యకుండానే, చెప్పు కోసం వెతుక్కున్నారు.

కొత్తావిడ సొరుగులోంచి నోటుపుస్తకం తీసి, ఖాళీగా ఉన్న వరసలో రాసుకుంది.

'4.53. కాలు. నష్టం: ఏమీ లేదు.'